ఇంటి వెనక అడవిలో తెల్ల పూలు: కొన్నిటి నడుమ పసుపు, కొన్నిటి నడుమ కుంకుమ. ఇది ఏ ఆస్టర్?

ఓరుగల్లు శారద (హిల్స్‌బరో, న్యూజెర్సీ) · 22 సెప్టెంబర్ 2024

అందరికీ నమస్కారం. మా ఇల్లు సోర్లాండ్ కొండల అంచున ఉంది. పెరడు దాటగానే అడవే. పాత రాతిగోడ దాకా ఉన్న ముక్క మాది, అవతలిది కౌంటీ వారి రక్షిత అడవి. ఓక్, హికరీ, బీచ్ చెట్లు కమ్ముకుని ఉంటాయి. వేసవంతా ఆ నీడలో పచ్చటి ఆకులే తప్ప చెప్పుకోదగిన పూవు కనిపించదు. వినాయక చవితి వెళ్లిన వారానికి చూస్తే చెట్ల కింద నేలంతా తెల్లగా విరబూసి ఉంది.

మొక్క మోకాలి ఎత్తు ఉంటుంది. కాండం సన్నగా, నల్లగా, కణుపు కణుపుకూ పక్కకు తిరుగుతూ వంకరటింకరగా పోతుంది. కింది ఆకులు తమలపాకుల్లా ఉన్నాయి, అంచున రంపపు పళ్లు. పూవు బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది, తెల్ల రేకులు ఏడెనిమిది ఎడం ఎడంగా ఉన్నాయి. నన్ను ఆపేసింది ఆ పూల నడుమ భాగం. ఒకే గుత్తిలో కొన్నిటికి పసుపు బొట్టు, కొన్నిటికి కుంకుమ బొట్టు! రెండు రకాలు కలిసి పెరిగాయేమోనని మొదలు దాకా తడిమి చూశాను. కాండం ఒక్కటే.

అక్టోబర్ 2న ఎంగిలిపూల బతుకమ్మ. పదకొండేళ్లుగా ఇక్కడ దుకాణంలో కొన్న చామంతులతోనే పేరుస్తున్నాను. ఈ నేల మీద పుట్టిన పూవు ఒక్క వరుసైనా ఉండాలని నా కోరిక. వీటిని కోయవచ్చా? అసలు దీని పేరేమిటి? ఫోటోలు నాలుగు పెట్టాను.

అడవిబాట (బ్రిడ్జ్‌వాటర్, న్యూజెర్సీ) · 22 సెప్టెంబర్ 2024

శారద గారూ, మొదటి మూడు ఫోటోల్లో ఉన్నది వైట్ వుడ్ ఆస్టర్. శాస్త్రీయ నామం యూరిబియా డివారికేటా. కొమ్మలు ఎడంగా విచ్చుకుని ఉంటాయని ఆ రెండో మాటకు అర్థం. అచ్చంగా ఇక్కడి మొక్క. కెనడా దక్షిణపు అంచు నుంచి అపలాచియన్ కొండల వెంట జార్జియా, అలబామా దాకా ఉంటుంది. ఎనిమిదేళ్లుగా వారాంతాల్లో సోర్లాండ్ బాటల మీద కలుపు తీసే బృందంతో తిరుగుతున్నాను. సెప్టెంబర్‌లో ఆ కొండ మీద నడిచేవారికి కాళ్ల పక్కన నడిచివచ్చే పూవు ఇదే.

నాలుగో ఫోటో మాత్రం వేరే మొక్క. దయచేసి మళ్లీ చూడండి. దానికి రేకుల్లేవు, తెల్లటి దూది బొత్తాల్లాంటి గుత్తులు మాత్రమే ఉన్నాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉన్నాయి. మీ ఆస్టర్‌కు ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి. ఆ నాలుగోది వైట్ స్నేక్‌రూట్, అంటే ఏజెరాటినా ఆల్టిసిమా. అదీ ఇక్కడి మొక్కే, అదే నీడలో అదే నెలలో పూస్తుంది. కాని విషం. ఆవులు మేస్తే ఆ విషం పాలలోకి దిగుతుంది. 1818లో ఇండియానాలో అబ్రహాం లింకన్ తల్లి నాన్సీ ఆ పాల జబ్బుతోనే చనిపోయారని చరిత్రకారులు చెబుతారు. అప్పటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లు. చేత్తో తాకితే భయం లేదు, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

ఓరుగల్లు శారద · 22 సెప్టెంబర్ 2024

చాలా మంచి మాట చెప్పారు. నిన్న మా చిన్నమ్మాయి రెండూ కలిపి గుత్తి కట్టి గదిలో పెట్టుకుంది. ఇప్పుడే వెళ్లి వేరుచేసి తీసేశాను. ఆకు ఎలా ఉందో చూడడం దానికీ నేర్పించాను. మరి పసుపు కుంకుమల సంగతి?

బోటనీ మాస్టారు (రాజమహేంద్రవరం) · 23 సెప్టెంబర్ 2024

అమ్మా శారదా, ముప్పై నాలుగేళ్లు కాలేజీలో చామంతి కుటుంబం పాఠం చెప్పాను. ప్రతి ఏడాదీ మొదటి రోజు పిల్లల చేతిలో గడ్డి చామంతి పెట్టి "ఇందులో పూలెన్ని?" అని అడిగేవాణ్ణి. అందరూ ఒకటి అనేవారు. నువ్వు పూవు అంటున్నది ఒక పూవు కాదు, ఓ చిన్న ఊరు. దాన్ని శీర్షవత్ విన్యాసం అంటాము. చుట్టూ తెల్లగా రేకుల్లా కనిపించేవి ఒక్కొక్కటీ ఒక్కో పూవు. అవి కిరణ పుష్పకాలు, ఇందులో సాధారణంగా ఐదు నుంచి పది దాకా ఉంటాయి, అన్నీ ఆడవి. నడుమ బొట్టులో కిక్కిరిసి ఉన్నవి బింబ పుష్పకాలు, వాటిలో ఆడా మగా రెండు భాగాలూ ఉంటాయి.

ఇంట్లో భూతద్దం ఉంటే ఒక పని చెయ్యి. గుత్తిని తెంచకుండా వంచి, పసుపు బొట్టును దగ్గరగా చూడు. అంచున ఉన్న పుష్పకాలు ముందు విచ్చుకుంటాయి, నడిమివి ఇంకా మొగ్గలుగానే ఉంటాయి. విచ్చుకున్నదాంట్లో కేసరాలన్నీ అంటుకుని ఓ గొట్టంలా ఉంటాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికే రాలుతుంది. కీలం, అంటే ఆడ భాగపు కాడ, కింది నుంచి లేస్తూ ఆ పొడిని పైకి తోసి బయట పెడుతుంది. అందరికీ పంచాక, అప్పుడు దాని కొన రెండుగా చీలి ఇతర పూల పుప్పొడి కోసం సిద్ధమవుతుంది. ముందు ఇవ్వడం, ఆ తరువాతే తీసుకోవడం. వయసు మీరిన పుష్పకాలు ఎర్రబారి కుంకుమ రంగుకు తిరుగుతాయి. కనుక పసుపు బొట్టు ఉన్నది పుప్పొడి, తేనె ఉన్న పూవు. కుంకుమ బొట్టు ఉన్నది పని ముగిసిన పూవు.

ఇక పేరు సంగతి. అది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీనికి ఆస్టర్ డివారికేటస్ అని పేరు పెట్టాడు. ఆస్టర్ అంటే గ్రీకులో నక్షత్రం. ఆ ప్రజాతికి, అంటే దగ్గరి జాతులను చేర్చిన గుంపుకు, ఆధారంగా నిలిచిన మొక్క ఆస్టర్ అమెల్లస్, అది యూరప్‌ది. అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన నక్షత్రంలాంటి పూలన్నిటినీ ఆనాటివారు అదే బుట్టలో వేశారు. బుట్ట నిండింది, పొంగింది. 19వ శతాబ్దంలో అమెరికా వృక్షశాస్త్రానికి పెద్ద దిక్కయిన ఆసా గ్రే ఆ బుట్టను సర్దలేక, ఆస్టర్ తనను సగం చంపేసిందని మిత్రులకు ఉత్తరాలు రాశాడు. 1906లో బర్జెస్ అనే ఆయన మీ మొక్కకూ దాని దగ్గరి చుట్టాలకూ ఆకు కొద్దిగా మారితే చాలు కొత్త పేరు పెడుతూ పోయాడు. అలా పదుల కొద్దీ జాతులు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలావాటిని తరువాతివారు మళ్లీ కలిపేశారు.

ఫ్రాన్స్‌లో కసీనీ అనే మేధావి 19వ శతాబ్దం తొలినాళ్లలోనే యూరిబియా అన్న పేరును ముందుకు తెచ్చాడు. దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1994లో నేసమ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ పెద్ద బుట్టను కుమ్మరించి, అమెరికా ఆస్టర్లను వేరు వేరు ప్రజాతులుగా విడదీశాడు. నీలం రంగు ఆస్టర్లలో చాలావరకు సింఫియోట్రైకమ్‌లోకి వెళ్లాయి. నీ అడవి ఆస్టర్ యూరిబియాలోకి వెళ్లింది. డోలింజీరియా, ఓక్లిమెనా, అయోనాక్టిస్ వంటి చిన్న ఇళ్లు కూడా లేచాయి. ఆ తరువాత డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చి మొత్తం మీద ఆ విభజననే బలపరిచాయి. యూరప్, ఆసియా ఆస్టర్లకంటే పక్కనే పసుపుపచ్చగా పూసే గోల్డెన్‌రాడ్‌తోనే అమెరికా ఆస్టర్లకు దగ్గరి చుట్టరికమని తేలింది. క్రోమోజోములు కూడా ఆ మాటే చెబుతాయి. యూరిబియాలో మూలసంఖ్య, అంటే ఒక జట్టులో ఉండే క్రోమోజోముల లెక్క, 9. సింఫియోట్రైకమ్‌లో 8, 7, 5, 4 ఇలా ఉంటుంది. నీ మొక్క కణంలో రెండు జట్లు, మొత్తం 18 ఉంటాయి.

మన భాషలో చెప్పాలంటే ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు. ఒకే ఇంటిపేరు గలవారు కోనసీమలో ఉంటారు, కరీంనగర్‌లో ఉంటారు. కలిసి భోజనం చేయవచ్చు, అన్నదమ్ములు మాత్రం కారు. ఇప్పుడు అసలైన ఆస్టర్ ప్రజాతిలో యూరప్, ఆసియాలకు చెందినవి సుమారు 180 జాతులు మిగిలాయి. ఉత్తర అమెరికాలో స్వతహాగా పెరిగే నిఖార్సైన ఆస్టర్ ఒక్క ఆస్టర్ ఆల్పైనస్ మాత్రమే, అది కూడా చలి కొండల మీద.

పూలతోట రాఘవ (చేవెళ్ల) · 23 సెప్టెంబర్ 2024

మాస్టారూ, నమస్కారం. నేను ఎకరంన్నరలో ఆస్టర్ వేస్తాను. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెల్లవారుజామునే బుట్టలు పంపుతాను. తెలుపు, గులాబీ, ఊదా రంగులు. మీరు చెప్పిన లెక్కన మేము అమ్మేది ఆస్టర్ కాదా? నా బాధ ఒక్కటే. రైతుకు పేరు స్థిరంగా ఉండాలి. రెండు వందల ఏళ్లు పిలిచిన పేరును పుస్తకంలో మార్చేస్తే పూవు మారుతుందా? గిట్టుబాటు మారుతుందా? చదువుకున్నవారికి ఇది పని, మాకు గందరగోళం.

బోటనీ మాస్టారు · 24 సెప్టెంబర్ 2024

రాఘవా, నీ బాధ న్యాయమైనది. ముందు నీ పూవు సంగతి. నువ్వు వేసేది చైనా ఆస్టర్. లినేయస్ దాన్నీ ఆస్టర్ అనే అన్నాడు. కసీనీయే దాన్ని వేరు చేశాడు. ఇప్పుడు కాలిస్టెఫస్ చైనెన్సిస్. ఆ ప్రజాతిలో అది ఒక్కటే జాతి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ కామిని, పూర్ణిమ, శశాంక్ అని విడుదల చేసిన రకాలన్నీ ఈ ఒక్క జాతివే. మార్కెట్లో దాన్ని ఆస్టర్ అనడంలో తప్పేమీ లేదు. అది వాడుక పేరు, దాన్ని ఎవరూ లాక్కోలేరు.

శాస్త్రీయ నామం పని వేరు. అది చుట్టరికం చెప్పాలి. ఒక ఉదాహరణ చెబుతాను. 1910లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఒక పూల మొక్క పుట్టింది. తల్లిదండ్రుల్లో ఒకటి గోల్డెన్‌రాడ్ (సాలిడాగో), రెండోది తెల్లటి ఆస్టర్ అనుకుని దానికి సాలిడాస్టర్ అని పేరు పెట్టారు. గుత్తుల్లో వాడే పసుపు పూవు అది. రెండు వేరు ప్రజాతులు కలిసి పిల్లను కన్నాయని అందరూ ఆశ్చర్యపోయారు. నిదానంగా చూస్తే ఆ తెల్లటి ఆస్టర్ అసలు ఆస్టరే కాదు, తెల్ల రేకులున్న గోల్డెన్‌రాడ్! ఈరోజు దాన్ని సాలిడాగో టార్మికాయిడెస్ అంటారు. పేరు తప్పుగా ఉంటే ప్రకృతి వింత చేసినట్లు కనిపిస్తుంది. పేరు సరిదిద్దితే అది మామూలు సంబంధమే. రంగు చూసి సంబంధం కలుపుకోవడం, గోత్రం అడిగి కలుపుకోవడం ఒకటి కాదు కదా.

పూలతోట రాఘవ · 24 సెప్టెంబర్ 2024

ఇలా చెబితే అర్థమవుతోంది మాస్టారూ. సంకరాలు చేసేవారికి ఇది అవసరమేనని ఒప్పుకుంటాను. నాకు మాత్రం విత్తనం పొట్లం మీద పాత పేరు కూడా పక్కనే ఉండాలి. ఆ మాట మీద వెనక్కి తగ్గను.

తేనెటీగ (స్టేట్ కాలేజ్, పెన్సిల్వేనియా) · 24 సెప్టెంబర్ 2024

శారదక్కా, నేను ఇక్కడ కీటకాల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఆ బొట్టు రంగు మారడం గురించి మాస్టారు చెప్పింది చదివి నిన్న సాయంత్రం మా ఊరి అడవిలో ఒకే గుత్తి ముందు గంటన్నర కూర్చున్నాను. ఒక బంబుల్ తేనెటీగ వచ్చింది. గుత్తి మీద పందొమ్మిది పూలున్నాయి. అది పసుపు బొట్లున్న పదకొండింటి మీద వాలింది, కుంకుమ బొట్లను దాదాపు తాకనే లేదు. ముసలి పూలు రాలిపోకుండా గుత్తిని పెద్దగా చూపిస్తూ ఈగను దూరం నుంచి పిలుస్తాయి, దగ్గరికి వచ్చాక ఏ గుమ్మం తెరిచి ఉందో రంగు చెబుతుంది. రంగు మారే చాలా పూల గురించి శాస్త్రవేత్తల వివరణ ఇదే. ఒక్క సాయంత్రం చూసి రుజువైందని అనను, కానీ కళ్లారా చూసినందుకు ఒళ్లు పులకరించింది.

ఈ నెల ఎందుకు ముఖ్యమో చెబుతాను. బంబుల్ ఈగల గూడు చలికాలానికి మొత్తం చచ్చిపోతుంది. కొత్త రాణులు మాత్రమే మిగులుతాయి. అవి ఇప్పుడు కడుపునిండా తిని, కొవ్వు పట్టించుకుని, మట్టిలో దూరి వసంతం దాకా పడుకోవాలి. చెట్ల నీడలో సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో తిండి పెట్టేది ఈ ఆస్టర్లు, నీడ గోల్డెన్‌రాడ్‌లే. ఇక ఆండ్రీనా ప్రజాతికి చెందిన, ఒంటరిగా బతికే తేనెటీగల్లో కొన్ని ఉన్నాయి. నేలలో బొరియ తవ్వుకుని, ఏడాదిలో ఈ కొద్ది వారాలే బయట తిరుగుతాయి. వాటి పిల్లలకు ఆస్టర్, గోల్డెన్‌రాడ్ పుప్పొడే ఆహారం. ఈ కుటుంబపు పుప్పొడి అందరికీ అరగదు, చాలా తేనెటీగల పిల్లలు దాని మీద సరిగా ఎదగవు. దాన్ని అరిగించుకోవడం నేర్చినవి దాని మీదే బతుకుతాయి. పూలు పోతే వాటికి రెండో దారి లేదు.

అక్కా, కోయాలనుకుంటే కుంకుమ బొట్టు గుత్తులు కోయండి. పసుపువి వాటికి వదిలేయండి.

టొరంటో వాణి (సెయింట్ కాథరిన్స్, ఒంటారియో) · 25 సెప్టెంబర్ 2024

న్యూజెర్సీలో కాళ్ల పక్కన నడిచివచ్చే పూవు అని చదివి గుండె కలుక్కుమంది. మా నయాగరా ప్రాంతంలో అదే మొక్క కోసం వెతుక్కుంటూ తిరగాలి. కెనడాలో ఇక్కడా, మాంట్రియల్ చుట్టుపక్కలా కొద్ది అడవుల్లోనే ఉంది. అది దాని విస్తృతికి ఉత్తరపు కొస. ఇక్కడ ముప్పు పొంచి ఉన్న మొక్కగా చట్టం గుర్తించింది. ద్రాక్ష తోటలకూ ఇళ్లకూ మధ్య చీలికల్లా మిగిలిన అడవులు మావి. నిరుడు ఒక బాట పక్కన నలభై కాండాలు లెక్కపెట్టాను. ఈ ఏడాది అదే చోట మనుషులు కొత్తగా తొక్కిన అడ్డదారి ఉంది, పన్నెండే మిగిలాయి. దయచేసి ఉన్నప్పుడే చూసుకోండి.

ఓరుగల్లు శారద · 25 సెప్టెంబర్ 2024

వాణి గారూ, మీ మాట చదివాక మళ్లీ వెళ్లి కాసేపు వాటి మధ్య నిలబడ్డాను. ఇంకో సందేహం. అడవి అంచున, ఎండ పడే చోట లేత నీలం పూలున్నాయి. ఆకు ఇంచుమించు ఇలాగే తమలపాకు. అది దీనిలోనే ఇంకో రంగా?

అడవిబాట · 25 సెప్టెంబర్ 2024

కాదండీ, అది బ్లూ వుడ్ ఆస్టర్. సింఫియోట్రైకమ్ కార్డిఫోలియమ్. మాస్టారు చెప్పినట్లు గోత్రం వేరు. ఆకును పక్కన పెట్టి పూల అమరిక చూడండి. తెల్లదాని గుత్తి పైన సమంగా ఉంటుంది, గొడుగు పట్టినట్లు. నీలందానిది గోపురంలా నిలువుగా లేస్తుంది, పూలు చిన్నవి, రేకులు ఎక్కువ.

నిజంగా తికమకపెట్టేవి సొంత గోత్రం వాళ్లే. యూరిబియా మాక్రోఫిల్లా అని ఒకటుంది. అరచేతికంటే పెద్ద ఆకులు పూవు లేకుండా నేల మీద చాప పరిచినట్లు ఉంటాయి, పూల కాడ తాకితే గ్రంథుల నూగు జిగురుగా తగులుతుంది. యూరిబియా ష్రెబెరై ఇంకొకటి, అదీ నేల దగ్గర పెద్ద ఆకులు పరుస్తుంది, దాని రేకులూ తెలుపే. మీ డివారికేటా అలా చాప పరచదు, పూల కాడకు జిగురూ ఉండదు. దక్షిణాన స్మోకీ కొండల ఎత్తుల్లో యూరిబియా క్లోరోలెపిస్ ఉంది, చూడ్డానికి మీదానికి అక్కలా ఉంటుంది.

బోటనీ మాస్టారు · 26 సెప్టెంబర్ 2024

అక్క అన్నది చక్కటి మాట. క్లోరోలెపిస్‌లో క్రోమోజోములు 36, సరిగ్గా రెట్టింపు. చాలాకాలం దాన్ని డివారికేటాలో ఒక రకంగానే లెక్కపెట్టారు.

అడవిబాట · 26 సెప్టెంబర్ 2024

శారద గారూ, మీ మూడో ఫోటోలో మూలన ఒక గడ్డి కనిపిస్తోంది. వెదురాకులాంటి చిన్న ఆకు, నడిమి ఈనె కాస్త పక్కకు జరిగి వెండి గీతలా మెరుస్తుంది. అవునో కాదో చూసి చెప్పండి. అదే అయితే జపాన్ స్టిల్ట్‌గ్రాస్. శాస్త్రీయంగా మైక్రోస్టెజియం విమినియమ్. మన ఇండియాతో సహా ఆసియా అంతటా ఉండే గడ్డి. అమెరికాలో మొదట 1919లో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో కనిపించింది. పింగాణీ సామాను పగలకుండా పెట్టెల్లో కూరిన ఎండుగడ్డితో వచ్చిందని అంటారు. జింకలు దాన్ని పెద్దగా ముట్టవు, పక్కనున్న ఇక్కడి మొక్కలను కొరుక్కుతింటాయి. అలా జింక తనకు తెలియకుండానే ఆ గడ్డికి కలుపు తీసి పెడుతుంది.

సోర్లాండ్‌కు ఇంకో దెబ్బ తగిలింది. యాష్ చెట్లను తొలిచే పచ్చ పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడి, 2014కి న్యూజెర్సీ చేరింది. కొండ మీద యాష్ చెట్లు నిలువునా ఎండిపోయాయి. అడవి మీది ఆకుల కప్పు చిల్లులు పడి ఎండ నేలకు దిగింది. ఆ వెలుగులోకి ముందుగా ఉరికేది ఈ గడ్డే. తెల్ల ఆస్టర్ నేలకింద పసుపు కొమ్ములాంటి కాండంతో నెమ్మదిగా పాకుతుంది. పొడి నీడలో, చెట్ల వేళ్లు తేమంతా పీల్చేసే చోట కూడా నిలబడగల మొండి మొక్క. కానీ మోకాలి ఎత్తున దుప్పటిలా కమ్మే గడ్డి కింద మొలకకు ఊపిరాడదు.

ఆ గడ్డి ఏడాది మొక్కే. విత్తనం రాలకముందు పీకేస్తే సరిపోతుంది. చేత్తో లాగితే దారంలా ఊడివస్తుంది. శనివారం నేను వచ్చి చూపిస్తాను, మీకు వీలైతే.

బోటనీ మాస్టారు · 27 సెప్టెంబర్ 2024

ఇది చదువుతుంటే మా వైపు వయ్యారిభామ గుర్తుకొస్తోంది. అమెరికా ఖండం నుంచి వచ్చి 1950లలో పుణె దగ్గర కనిపించి, దేశమంతా పాకింది. అదీ చామంతి కుటుంబమే. పొలం గట్ల మీద దాన్ని పీకిన రైతుల చేతులు దద్దుర్లెక్కడం నా కళ్లతో చూశాను. అక్కడ పుట్టింది ఇక్కడ, ఇక్కడ పుట్టింది అక్కడ రాక్షసి అవుతున్నాయి. సొంత నేలలో ఆ మొక్కను తినే పురుగు, పట్టే తెగులు, పోటీ పడే పొరుగు ఉంటాయి. ఓడ ఎక్కినప్పుడు అవి వెంట రావు. బాబూ అడవిబాటా, మీరు చేస్తున్నది పెద్ద పని.

హనుమకొండ పద్మక్క (హనుమకొండ) · 28 సెప్టెంబర్ 2024

శారదా, నేను మీ అమ్మ వయసుదాన్ని. చిన్నప్పుడు మేము గునుగు కోయడానికి చేల గట్ల మీదకు తెల్లవారగట్ల వెళ్లేవాళ్లం. తంగేడు కొమ్మను విరిచేవాళ్లం కాదు, పూవున్న చివరను మాత్రం గిల్లేవాళ్లం. పొద మీద మూడో వంతు వదలమని మా నాయనమ్మ కాపలా ఉండి మరీ చెప్పేది. ఏ ఊళ్లో ఏ పూవు దొరికితే అదే పేర్చడం మన ఆచారం. నీ ఊరి పూవు పెట్టడంలో దోషం లేదు. గౌరమ్మ పక్కన పసుపు కుంకుమలు తానే పెట్టుకుని వచ్చిన పూవు అది, అంతకంటే ఏం కావాలి? కానీ కౌంటీ అడవిలోది కోయకు. అది నీది కాదు.

ఓరుగల్లు శారద · 3 అక్టోబర్ 2024

పద్మక్కా, మీరు చెప్పినట్లే చేశాను. శనివారం అడవిబాట గారు, ఆయన భార్య వచ్చారు. నలుగురం రాతిగోడ ఇవతల మూడు గంటలు గడ్డి పీకాము. వెండి గీత ఉందో లేదో చూడడం మా అమ్మాయికి ఆటయిపోయింది. ఎనిమిది సంచులు నిండాయి. కొన్నిటికి అప్పటికే గింజ పట్టింది. అందుకే మూతి బిగించి చెత్తలో వేశాము, ఎరువు గుంతలో వేయలేదు.

బుధవారం బతుకమ్మకు మా ముక్కలోంచి, కుంకుమ బొట్టు ఉన్న గుత్తులు పదిహేను కోశాను. బంతి వరుసకూ చామంతి వరుసకూ మధ్య ఒక్క వరుస వచ్చింది. కాడలు సన్నగా ఉండి నిలవలేదు, గుమ్మడాకులో చుట్టి దోపవలసి వచ్చింది. పాట మొదలయ్యాక మా అమ్మాయి నా చీర లాగి "అమ్మా, ఒక రేకు నడుస్తోంది" అంది. నిజంగానే తెల్ల రేకు ముక్కలు వీపు మీద మోస్తున్న ఓ గొంగళిపురుగు, కొలిచినట్లు ఒళ్లు వంచి చాపుతూ వెళ్తోంది! దాన్ని గుత్తితో సహా తీసుకెళ్లి అడవిలో పెట్టి వచ్చాకే మళ్లీ ఆడాము. ఏమిటది?

తేనెటీగ · 3 అక్టోబర్ 2024

అక్కా, నేను రెండేళ్లుగా వెతుకుతున్నది మీ బతుకమ్మ మీదకు వచ్చింది! సింక్లోరా ఏరాటా అనే పచ్చటి చిన్న రెక్కల పురుగు పిల్ల అయి ఉంటుంది. తాను తింటున్న పూవు రేకులనే కొరికి, పట్టుదారంతో వీపు మీద అతికించుకుని పక్షుల కంట పడకుండా తిరుగుతుంది. వేరే పూవు మీదకు మారితే పాత రేకులు తీసేసి కొత్తవి తొడుక్కుంటుంది. మీరు దాన్ని తిరిగి వదిలినందుకు దండం పెడుతున్నాను.

ఓరుగల్లు శారద · 17 నవంబర్ 2024

అక్టోబరంతా చినుకు లేదు. న్యూజెర్సీ నమోదుల్లో ఇంత పొడి నెల లేదని వార్తల్లో చెప్పారు. పెరట్లో నేను డబ్బు పోసి కొన్న మొక్కలు వాలిపోయాయి. రాతిగోడ ఇవతల ఆస్టర్ ఆకులు అంచున మాడాయే గాని కాండాలు నిలబడే ఉన్నాయి. ఇప్పుడు తలలన్నీ గోధుమరంగు దూది పింజలయ్యాయి. అడవిబాట గారు చెప్పిన కొలత ప్రకారం మా ముక్కలోంచే, పది తలల్లో ఒకదాని చొప్పున విత్తనం తీశాను. పద్మక్క నాయనమ్మ లెక్కకంటే ఇది ఇంకా గట్టిది. వీటికి చలి తగిలితేనే మొలక వస్తుందట. అందుకే తడి మట్టి ఉన్న కుండీల్లో పైపైన చల్లి, పిచ్చుకలు తినకుండా జల్లెడ కప్పి, ఇంటి ఉత్తరపు గోడ పక్కన మంచుకు వదిలేశాను.

టొరంటో వాణి · 18 నవంబర్ 2024

మా పన్నెండులో తొమ్మిది పూశాయి. అడ్డదారి మూసేలా రెండు ఎండు దుంగలు పెట్టమని పార్కు వారిని అడిగాను, పెట్టారు.

ఓరుగల్లు శారద · 20 సెప్టెంబర్ 2025

రేపు ఎంగిలిపూలు. కుండీల్లో ఏప్రిల్‌లో మొలకలు లేచాయి, ఇరవై మూడు బతికాయి. ఈ ఏడాది పూయలేదు, ఒక్కొక్కదానికి నాలుగైదు తమలపాకులు మాత్రం వచ్చాయి. ఇంకో నాలుగు వారాల్లో రాతిగోడ పక్కన, నిరుడు గడ్డి పీకిన చోట నాటుతాను. ఆ గడ్డి మళ్లీ వచ్చింది గాని ఈసారి మూడు సంచులే.

మా అమ్మ హనుమకొండ నుంచి వచ్చింది. కుండీల ముందు పీట వేసుకుని కూర్చుని ఒక్కో ఆకూ తిప్పి చూస్తోంది. కొన్ని ఆకుల మీద తెల్లటి వంకర గీతలున్నాయి, ఎవరో సుద్దముక్కతో ముగ్గు గీసినట్లు. తెగులేమోనని అమ్మ భయం. ఆకులు తీసేయాలా మాస్టారూ?

బోటనీ మాస్టారు · 20 సెప్టెంబర్ 2025

తీయవద్దమ్మా. ఆకు పైపొరకూ కిందిపొరకూ మధ్య దూరి తిన్న చిన్న పురుగు పిల్ల నడిచిన దారి అది. చాలావరకు ఒక రకం బుల్లి ఈగ పిల్లలు ఇలా చేస్తాయి. మొక్కకు పెద్ద నష్టం లేదు. ఆకును తెంచకుండా వెలుగుకు ఎదురుగా పట్టి మీ అమ్మగారికి చూపించు. గీత ఒక చివర సన్నగా, ఒక చివర లావుగా ఉంటుంది. గుడ్డు పెట్టింది సన్నటి చివర. తింటూ ఎదిగింది ఆ దారి వెంట. లావు చివర చిన్న చీలిక కనిపిస్తే అప్పటికే బయటికి వెళ్లిపోయినట్లు.

ఓరుగల్లు శారద · 20 సెప్టెంబర్ 2025

చూశాము. రెండు ఆకుల్లో చీలిక ఉంది. మూడోదాంట్లో ఇంకా లోపలే ఉంది, కదులుతోంది. అమ్మ ఆ కుండీని ఎండ తగలకుండా లోపలికి జరిపింది.